మనిషి వేషానికి ఎవరూ దొరకలేదు

“ఆ రోజుల్లో” అని మొదలుపెట్టే హక్కు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. ఇరవై ఆరేళ్ళకే ఆ రోజులేమిటి, మొన్నటి మాటే కదా అని. కానీ ఐదేళ్ళ కిందట నేనున్న తీరు తలుచుకుంటే ఎవరో వేరే అమ్మాయి కథ విన్నట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఫోను చేతిలోనూ కోపం నాలుక చివరా ఉండేవి. ఫోనుకి అప్పుడప్పుడూ చార్జింగు అయిపోయేది, కోపానికి ఎప్పుడూ అవలేదు. నేను మెసేజీ పెట్టాక అవతలివాళ్ళు చూసి కూడా పది నిమిషాలు జవాబివ్వకపోతే నేరుగా ఫోన్ చేసి “ఏటి, పొగరా?” అని అడిగేదాన్ని. (అలా అడిగించుకున్నవాళ్ళలో మా కాలేజీ లెక్చరర్ ఒకాయన కూడా ఉన్నారు. ఆ సెమిస్టర్ గురించి ఇక్కడ రాయను.)

అలాంటి నా చేత నాలుగు రోజులు నోరు మూయించిన ఘనుడు మా తాడు. వాళ్ళ నాన్నకి వన్ టౌన్‌లో పడవలకి తాళ్ళు అమ్మే హోల్‌సేల్ కొట్టు ఉంది కాబట్టి ఇంటర్ నుంచీ వాడికి అదే పేరు. తాడుకి మాత్రం తాళ్ళంటే పడదు, కెమెరా అంటే ప్రాణం. అంతరిక్షంలో పోతున్న ఓడ, అందులో ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకరి రూపం ఎత్తిన గ్రహాంతరవాసి: ఇలా ఐదు ఎపిసోడ్ల సీరియల్ ఒకటి రాసుకుని, ఊళ్ళోని ఒక చిన్న కేబుల్ చానల్‌ని బతిమాలి మధ్యాహ్నం పూట ఓ అరగంట సంపాదించాడు. నాలుగు ఎపిసోడ్లు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు గదిలోనే లాగించేశాం. ఏలియన్ ఎవరో తేలాల్సిన ఐదోది మిగిలింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్న మా అందరి ముందూ వాడికి కబురు చెప్పేశాడు: “ఆదివారానికి ఆ కథేదో ముగించీ. సోమారం పొద్దున్న టీవీవోలకి ఇచ్చినావా, సరే. లేదా, ఆ రోజు నుంచి కొట్లో కూకో. మరి కెమెరా ఊసెత్తకు.” ఆయన కొట్లో తాడు ఎంత గట్టిదో మాటా అంత గట్టిదే.

చివరి ఎపిసోడ్‌కి ఓడ లోపలి భాగం మొత్తం కనబడాలన్నాడు తాడు. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే మా మావయ్య షెడ్డులో అప్పుడే రొయ్యల కంటైనర్ ఒకటి తయారైంది. లోపల నాలుగు పక్కలా తెల్లటి షీటు, మూలల్లో వెండిలా మెరిసే పట్టీలు. డబ్బు పోసి సెట్టు వేసినా అంత బాగా రాదు. మావయ్య తల గోక్కుని, “ఒలే గుంటా, ఆదివారం నాలుగ్గంటలకి ఓనరు గుమ్మడికాయ అట్టుకుని వచ్చీస్తాడు. దిష్టి తీసి బండి అట్టుకెళ్ళిపోతాడు. అప్పటికి మీరు గాని లోపలుంటే మిమ్మల్నీ రొయ్యల్తోపాటు పంపించెత్తాను” అన్నాడు. సరే అన్నాం.

ఆ బుధవారం సాయంత్రం తాడు నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పాడు: “ఏలియన్‌వి నువ్వే. ఎవులికీ సెప్పకు. వాట్సాప్‌లో అసలు రాయకు, స్క్రీన్‌షాట్ తీసేత్తారు. ఏలియన్ మనుషుల తిండి తినదు, కనురెప్ప ఎయ్యదు. ఇప్పట్నుంచే ప్రాక్టీసు సెయ్యి.” గర్వంతో నాకు ఒళ్ళు తెలియలేదు. గర్వం వెనకే అనుమానం కూడా తయారైంది. మాతోపాటు నటిస్తున్న పొట్టి (నా బెంచీ స్నేహితురాలు, ఓడలో రేడియో ఆపరేటర్) గ్రూపులో ఏదో టైప్ చేస్తున్నట్టు కనబడి ఆగిపోయింది. ఏం చెరిపేసింది? నా వేషం కొట్టెయ్యడానికి తాడుని కాకా పడుతోందా? కెప్టెన్ వేషం వేస్తున్న కండలు (జిమ్ముకి రోజుకి రెండుసార్లు వెళ్ళే మా సీనియర్) అర్ధరాత్రి దాకా ఆన్‌లైన్లో ఎందుకున్నాడు? నాలుగు రోజులు నేను ఫోనులోంచి వాళ్ళిద్దరినీ కాపలా కాశాను. సీరియల్లో కూడా నేను అంత అనుమానంగా చూసి ఎరగను.

ఆదివారం పొద్దున్న తాడు రోడ్డు మీది పూరీ బండి నుంచి పూరీలు, బొంబాయి చట్నీ కట్టించుకుని షెడ్డుకి వచ్చాడు. ఆ వాసనకి నా కడుపు కేక పెట్టింది. అయినా ఏలియన్ని కదా, పొట్లం తియ్యలేదు. తలెత్తి చూస్తే పొట్టి కూడా తియ్యలేదు. రోజుకి డజను గుడ్లు మింగే కండలు కూడా పూరీని దూరం నుంచి తాతగారి ఫోటోని చూసినట్టు చూస్తున్నాడు.

“తినవేటి బావా?” అన్నాను కండలుతో. (మాలో ఆడా మగా లేదు, అందరికీ వాడు బావే.)

“ఆకలి లేదు. నువ్వు తినవేం?”

“నాకూ లేదు. ఒలే పొట్టీ, నీకేటైంది?”

“ఉపాసం,” అంది పొట్టి. ఆదివారం ఏ దేవుడికే అని నేను అడగలేదు. అడిగితే నన్ను అడుగుతుంది. ఆ పూరీలన్నీ తాడే తిన్నాడు, మా ముందే, చట్నీ వేలితో నాక్కుంటూ.

సర్దుళ్ళన్నీ అయ్యి షూటింగు మొదలయ్యేసరికి పన్నెండయింది. నేను రెప్ప వేయకుండా పొట్టిని చూశాను. పొట్టి రెప్ప వేయకుండా కండలుని చూసింది. కండలు రెప్ప వేయకుండా ఎవరిని చూడాలో తెలియక గోడని చూశాడు. రెండు గంటలు అలా నడిచేసరికి ముగ్గురి కళ్ళూ పండు మిరపకాయలయ్యాయి, నీళ్ళు ధారలు కట్టాయి. అంతసేపూ బయట మావయ్య ఆ కంటైనర్ తలుపు కీలుకే వెల్డింగు పెడుతున్నాడు. పని అయి లోపలికి తొంగి చూసి గుండె బాదుకున్నాడు.

“ఓలమ్మో! ముగ్గురూ వెల్డింగు సూసీసినారు! అద్దం నేకుండా సూడొద్దని ఎన్ని మాట్లు సెప్పాల? ఇప్పుడు మా అప్పకి నానేటి సెప్పుకోను?” (అప్ప అంటే ఆయన అక్క, మా అమ్మ.)

షెడ్డులో ఆ మంటకి ఒకటే వైద్యం, పచ్చి బంగాళాదుంప ముక్క. మేం కాదంటున్నా వినకుండా మావయ్య పూరీ బండి దగ్గరికి పరుగెత్తి రెండు దుంపలు తెచ్చి, చక్రాలు కోసి, ముగ్గురినీ కంటైనర్ నేల మీద వరసగా పడుకోబెట్టి, కళ్ళ మీద పెట్టి పైన గుడ్డ కట్టేశాడు. “గంట దాకా ఎవులూ లెగకండి” అని బయటికెళ్ళాడు. నిజం చెప్తే తాడు కొంప మునుగుతుంది, అందుకని ముగ్గురం నోరు మూసుకుని పడుకున్నాం. (ముగ్గురిదీ ఒకే నిజమని అప్పటికి ఎవరికీ తెలియదు.)

పాపం తాడు. టైము పోతోంది, రేపటి కొట్టు కళ్ళ ముందు కనబడుతోంది. మెల్లగా కండలు పక్కన కూర్చుని చెవిలో ఊదాడు: “బావా, కంగారు పడకు. ఏలియన్‌వి నువ్వే కదా. లాస్ట్ షాటు నీ మీదే.” ఖాళీ కంటైనర్‌లో గుసగుసకి మైకు అక్కర్లేదని డైరెక్టరు అన్నవాడికి తెలియదు.

నేను దుంపలతో సహా లేచి కూర్చున్నాను. “ఏలియన్ ఆడేటి? ఏలియన్ నాను!”

“నువ్వేటే? నాకు బుధవారమే సెప్పినాడు!” పొట్టి కూడా లేచింది.

“నాకు మంగళవారం సెప్పినాడు. నాను సీనియర్‌ని,” అన్నాడు కండలు, పాయింటు దొరికినట్టు.

ఆ తర్వాత జరిగింది మర్యాదగా రాయలేను. కళ్ళకి కట్టిన గుడ్డ లాగి రెండు ముక్కలూ తాడు మీద విసిరాను. ఒకటి తగిలింది, రెండోది కండలుకి తగిలింది. ఆకలి మీదున్న వాడు దాన్ని తినేశాడు. “నాను ఎలిపోతన్నాను” అని ఫోను తీసి ఆటో బుక్ చేశాను. ఆదివారం ఆటోనగర్ లోపలికి ఎవరొస్తారు? ముగ్గురు డ్రైవర్లు వరసగా క్యాన్సిల్ చేశారు. ముగ్గురికీ ఫోన్ చేసి తిట్టాను. నా ఆవేశమంతా వాళ్ళ పాలై, చివరికి ఎక్కడికీ పోలేక అక్కడే నిలబడ్డాను.

తాడు నేల మీద చతికిలబడ్డాడు. “ఒక్కలు. ఒక్కలైనా మనిషిగా ఉండిపోండి. మనిషి నేకపోతే కథ నేదు. కథ నేకపోతే రేపట్నుంచి నాను తాళ్ళు కొలుసుకోవాల.”

“పొట్టి ఉంటాది,” అన్నాను.

“నానెందుకు ఉంటాను? బావ ఉంటాడు.”

“మనిషి వేషమా? నా బాడీకా?” అన్నాడు కండలు.

అంతరిక్షం మొత్తం మీద మనిషిగా పుట్టడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. మూడున్నర అయింది. అరుపులు విని మావయ్య తలుపు ధడాలున లాగి, లుంగీ ఎగ్గట్టి గుమ్మంలో నిలబడ్డాడు: “మనుసులేనేట్రా మీరు? గంట నుంచి కుక్కల్లాగ కరుసుకుంటన్నారు!”

తాడు లేచి మావయ్య కాళ్ళ మీద పడ్డాడు. “అదే మావయ్యా! అదే మాట, మళ్ళీ ఒక్కసారి!” ఓడలో ముగ్గురూ ఏలియన్లే, తలుపు తీసిన ఈయనొక్కడే మనిషి. కథ కుదిరిపోయింది.

కుదరనిది మావయ్యే. ముందు దువ్వెన అడిగాడు. తర్వాత చొక్కా వేసుకొచ్చాడు. చిన్నప్పుడు ఊళ్ళో నాటకాలు ఆడాడట, కెమెరా చూడగానే లేని గద భుజాన వేసుకుని “ఓరీ అధములారా! మీరు మానవులేనా?” అని గర్జించాడు. తొమ్మిది టేకులు, తొమ్మిదింటిలోనూ గద. నాలుగింటికి పది నిమిషాలుందనగా గేటు దగ్గర ఓనరు కారు హారను వినిపించింది. మావయ్యకి నాటకం ఎగిరిపోయింది. “మనుసులేనేట్రా మీరు! దిగండి బేగి!” అని కేకేశాడు. ఆకలితో, ఎర్రటి కళ్ళతో, రెప్ప వేయకుండా మేం ముగ్గురం ఆయన వైపు మెల్లగా తల తిప్పాం. “కట్” అన్నాడు తాడు, ఏడుపు గొంతుతో.

సోమవారం పొద్దున్న టేపు చానల్‌కి చేరింది. (టేపు కాదు, పెన్‌డ్రైవు. ‘ఆ రోజుల్లో’ అన్నాక టేపు అనకపోతే బాగోదు.) గురువారం మధ్యాహ్నం వన్ టౌన్ కొట్లో, తాళ్ళ చుట్టల మీద కూర్చుని అందరం చూశాం. తాడు తన గోళ్ళన్నీ కొరికేసి నా గోళ్ళ వైపు చూస్తున్నాడు. తాళ్ళు కొనడానికొచ్చిన మత్స్యకారుల్లో ఒక పెద్దాయన, “ఆ ముగ్గురికీ అన్నం ఎట్టలేదేటి, పాపం” అన్నాడు. తాడు వాళ్ళ నాన్న ఆఖరి దాకా కదల్లేదు. మావయ్య కేక వినగానే పొట్ట పట్టుకుని నవ్వాడు, వెంటనే కొడుకుని చూసి నవ్వు మానేశాడు.

“ఆ తిట్టినాయన బాగా సేసినాడు. సరే, మాటన్నాను కాబట్టి కెమెరా ఉంచుకో. మద్దినం దాకా కొట్టు, తరవాత నీ ఇష్టం.”

బయటికొచ్చాక తాడుని గోడకి నొక్కేసి అడిగాను, ముగ్గురికీ ఆ అబద్ధం ఎందుకు చెప్పావని. వాడు చొక్కా సర్దుకుని, “డబ్బుల్నేవు, ఆదివారం పాడు, మనిషి వేషం, నా కోసం రండి అంటే వచ్చీవోలా?” అన్నాడు.

“వచ్చీదాన్ని!” అని అరిచాను. వీధిలో ఆటోవాళ్ళు కూడా తిరిగి చూశారు.

వచ్చేదాన్ని కాదు. అప్పుడు అరిచింది ఆ సంగతి తెలిసే. ఇప్పుడు ఉద్యోగానికి పోతూ బస్సులో ఫోను తెరిచి ఆ ఎపిసోడ్ చూస్తుంటాను. మూతి బిగించి లోకంలో అందరూ తన వేషం కొట్టేస్తారని చూస్తున్న ఆ పిల్లని చూస్తే నెత్తి మీద ఒక జెల్లకాయ ఇవ్వాలనిపిస్తుంది, ఆ వెంటనే ఒక పూరీ పొట్లం కూడా. తాడు ఈ మధ్య ఇంకో సీరియల్ తీస్తున్నాడని విన్నాను. ఇప్పుడైతే మనిషి వేషానికైనా వెళ్తాను. వాడే ఇంకా ఫోన్ చెయ్యలేదు.