సర్కారు పూచీ

ధరలు పడిపోయిన ముప్పైల నాటి మాట. ఏలూరులో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దాయన జంగారెడ్డిగూడెం వైపు పొగాకు రైతు. ఇంగ్లండులో ఆయన సరుకు కొన్న కంపెనీ డబ్బు ఇవ్వకుండానే దివాలా తీసిందని, ఆ సరుకు ఓడకెక్కించిన ఏజెంటు ఆ ఉదయమే చెప్పాడట.

“కొన్నవాళ్లు డబ్బివ్వకపోతే సర్కారే ఇస్తుందని, ఆ పూచీ ఉందని ఏజెంటుగారే అన్నారండీ. ఆ మాట మీదే ఊరందరి పొగాకూ పంపించాను. ఆ పూచీ అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చే సరుక్కేనట. మన సరుక్కి లేదటండీ.”

“ఆ సంగతి ఆయనకు ముందు తెలియదాండీ?” అన్నాను.

“తెలుసటండీ. నేనడగలేదన్నారు.”

తాడేపల్లిగూడెంలో దిగడానికి ఆయన గుమ్మం దాకా వెళ్లాడు. ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్న ఊరివాళ్లు ఆయన్ని చూసి సంతోషంగా చెయ్యెత్తారు. ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, కిటికీ తలుపు దించేశాడు. బయట “బాబాయ్, బాబాయ్” అని పిలుస్తుండగానే రైలు కదిలింది.

నేను నిడదవోలులో దిగేటప్పటికి ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.