పగిలిన పద్యం ప్లేటు

నిన్న పోయిన గాయకుడి పాట కింద అభిమానులు ఫోన్లో బూతులు తిట్టుకుంటుంటే, తెల్లదొరల కాలంలో మైదుకూరులో మా నాయన నడిపిన సోడా అంగడి కళ్లముందుకొచ్చింది. నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలుంటే చెప్పండి, గ్రామఫోన్ ప్లేటు గరగర గుర్తుందా?

నాటకాల్లో కృష్ణుడు వేసే ఆయన చనిపోయిన రోజు, నాయన అంగట్లోని గ్రామఫోన్ మీద ఆయన పద్యం ప్లేటు పెట్టాడు. అయిపోగానే జనం అలవాటుగా "వన్స్ మోర్" అని అరిచారు.

"సచ్చినోడు మళ్లీ పాడతాడా?" అని నవ్వాడు, దుర్యోధనుడి వేషగాడి అభిమాని ఒకడు.

నాయన సోడాబుడ్డితో వాడి నెత్తి పగలగొట్టాడు. వాడు ప్లేటు లాగి నేలకేసి కొట్టాడు. అంగడంతా నెత్తురు, గాజుపెంకులు.

గోల విని, మా ఊళ్లోనే ఉండే ఆ దుర్యోధనుడి వేషగాడే పరుగున వచ్చాడు. "నా ఎదురుగా నిలబడి పాడేటోడు పోయినాడప్పా! మీరు కొట్టుకుంటాండారా?" అంటూ కూలబడి, ప్లేటు ముక్కలు ఏరుతూ, ఆ కృష్ణుడి పద్యమే అందుకున్నాడు.

పద్యం అయిపోయింది. ఎవ్వరూ వన్స్ మోర్ అనలేదు.