పళ్లెంలో ఎరుపు, పసుపు

టెక్కలిలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కుసుమ జువాలజీ చెబుతుంది. పిండం పెరిగేటప్పుడు ఒకే రకం కణాలు ఒకచోట చేరతాయని ఓ రోజు పాఠం చెబుతుంటే, బిందు అనే అమ్మాయి లేచింది.

"కళ్ళుండవు గదా మేడం, ఒకదాన్నొకటి ఎలాగ గుర్తెడతాయి?"

కుసుమ పుస్తకంలో ఉన్న జవాబే చెప్పింది. సముద్రపు జీవి స్పంజికను పిండి కణాలు విడదీసినా, ఏ రకానివి ఆ రకంతోనే మళ్ళీ కలుస్తాయని చదివిందే గానీ, తానూ ఎప్పుడూ కళ్ళారా చూడలేదని ఒప్పుకుంది.

బిందు తండ్రి సముద్రంలో వేటకు వెళ్తాడు. వలకు చిక్కిన స్పంజికలు రెండు, ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, బిందు ఉప్పునీళ్ళ డబ్బాలో వేసి కాలేజీకి తెచ్చింది. బస్సులో ఎండకు అవి చచ్చి కంపు కొట్టాయి. రెండోసారి నేరుగా తన ఇంటికే తెమ్మంది కుసుమ. ఆమె ఉండే అత్తవారిల్లు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర.

బిందు తెచ్చిచ్చి వెళ్ళిన స్పంజికలను మర్నాడు తెల్లారగానే కుసుమ పాత నూలుచీర ముక్కలో కట్టి, పళ్లెంలో పోసిన సముద్రపు నీళ్ళలోకి పిండింది. అత్తగారు సూరమ్మ జీడిపిక్కలు ఆరబోస్తూ చూసింది.

"బతికున్నదాన్ని అలా పిండీసినావేటే అమ్మీ?"

"సావదత్తా. కణాలు విడిపోయాయంతే. మళ్ళీ కలుస్తాయో లేదో సూడాలి. నాకు కాలేజీకి టైమైపోతంది."

"నువ్వెల్లు. నేను సూత్తాను."

మధ్యాహ్నం సూరమ్మే ఫోన్ చేసింది. "ఎర్రయి ఎర్రవాటి కాడికే పోతన్నాయే. పొద్దున కలగలిపి ఉన్నాయి. ఇప్పుడు జట్లు కట్టీసినాయి."

సాయంత్రం కుసుమ, బిందు ఒకే బస్సులో వచ్చారు. సూరమ్మ పళ్లెం పక్కన పీట వేసుకుని కూర్చునే ఉంది. అన్నం కూడా అక్కడే తిన్నట్టుంది. నీళ్ళ అడుగున ఎర్రటి చిన్న ముద్దలు, పసుపు ముద్దలు వేరువేరుగా ఉన్నాయి. కొన్నింట్లో రెండు రంగులూ ఉన్నాయి గానీ, అవి తక్కువే. బిందు పళ్లెం మీదికి వంగిపోయింది.

"ఎలాగే మరి?" అంది సూరమ్మ.

"కణం పైన జిగురులాంటిది ఉంటాదత్తా. తన రకం తగిలితే గట్టిగా పట్టుకుంటాది. వేరేది తగిలితే పట్టు దొరక్క జారిపోతాది. కడుపులో బిడ్డకీ దగ్గర దగ్గరగా ఇంతే. చర్మమయ్యేవి ఒక పక్క, నరాలయ్యేవి ఒక పక్క. మధ్యన గట్టు ఎవరూ కట్టరు, వాటి హద్దు అయ్యే నిలబెట్టుకుంటాయి."

సూరమ్మ తన గోరు చర్మంలో కలిసేచోట వేలితో తడిమి చూసుకుంది. లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టి తెచ్చింది.

ఆ వారమంతా ఆవిడ వీధిలో అందరికీ ఒకటే చెప్పింది: "మా కోడలు బతికున్నదాన్ని గుడ్డలో పిండీసి మళ్ళీ బతికించీసింది."

అలా కాదని కుసుమ ఇద్దరు ముగ్గురికి సర్దిచెప్పబోయింది. అత్తగారి ముఖంలో వెలుగు చూశాక ఊరుకుంది.