పెళ్ళివాళ్ళనుకున్న పరీక్షవాళ్ళు

నేను నాలుగువందల మీటర్లు పరుగెత్తుతాను. దేశం తరఫున బయటి పోటీలకు పోయేవాళ్ళకు ఒక లంపటం ఉంది. రోజూ ఏ ఊళ్ళో, ఏ ఇంట్లో, ఏ గంటలో దొరుకుతామో ముందే ఫోన్‌లో రాసి పెట్టాలి. బలానికి దొంగమందులు వాడుతున్నామేమో చూడడానికి ఆ గంటలో పరీక్షవాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి మూత్రం పట్టుకుపోతారు. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే, మందు ముట్టకపోయినా నిషేధమే.

నాకప్పటికే రెండు పోయాయి. ఒకసారి రైలు ఆలస్యం. ఇంకోసారి ఎమ్మిగనూరులో మేనత్త మగ్గం పక్కన కబుర్లలో పడి, ఆ రాత్రి అక్కడే పడుకుండిపోయాను. మూడోది కూడా పోతే నా పరుగు ముగిసినట్టే. అందుకే మా ఊరు ఆదోనిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున ఆరు నుంచి ఏడు దాకా గుడ్ల మీద కోడిలా ఇంట్లోనే కూర్చునేదాన్ని.

మా సందులో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇంటి నంబర్లు పాతవీ కొత్తవీ కలిసిపోయి పోస్టుమనిషికే తలనొప్పి. సందు మొదట్లో ఖాలా ఇల్లు. ఖాలా అంటే పిన్నమ్మ, అయినా ఆమె మాకు చుట్టం కాదు. అమ్మ పత్తి మిల్లుకు పోయే రోజుల్లో నాకు అన్నం పెట్టి పెంచింది. నాకు సంబంధాలు రావడం మొదలయ్యాక, ఇంకో నాలుగేండ్లు పరుగెత్తనివ్వమని ఒకసారి ఆమె ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. నేను ఏడ్చి మరిచిపోయాను, ఆమె మరిచిపోలేదు.

మా వైపు పిల్లను విచారించేవాళ్ళు నేరుగా పిల్ల ఇంటికి పోరు. సందు మొదట్లో పెద్దవాళ్ళను అడిగి, గుణగణాలు తెలుసుకుని, తర్వాత గడప తొక్కుతారు. ఆ పొద్దున చక్కగా ఇస్త్రీ బట్టలు కట్టుకున్న ఒకాయన, ఒకామె ఖాలా అరుగు దగ్గర ఆగి నా పేరు చెప్పి, ఇల్లెక్కడ, ఇంట్లో ఉందా అని అడిగారట. ఇంకేం కావాలి, పెళ్ళివాళ్ళేననుకుంది ఖాలా.

"ఆ పిల్ల ఎమ్మిగనూరుకు పోయిందప్పా, మేనత్త కాడికి. ఇల్లు కూడా తాళమేసినారు సూడు" అని నిజంగానే తాళం వేసి ఉన్న తన పక్కింటిని చూపించింది.

మామూలు పెళ్ళివాళ్ళయితే వెనక్కి పోయేవాళ్ళు. వీళ్ళు ఆ తాళం ముందే నిలబడ్డారు. గంటసేపు కాచుకోవడం వాళ్ళ పద్ధతి. ఖాలాకు వాళ్ళను నిలబెట్టి ఉంచడానికి మనసొప్పలేదు. టీ ఇచ్చింది. ఎంతసేపటికీ కదలకుండా గడియారం చూసుకుంటూ ఉంటే భయం పట్టుకుని, మిద్దెల మీదుగా మా ఇంటికి వచ్చి దిగింది.

"పిల్లను బయటికి రానీకమ్మా. పెళ్ళోళ్ళు వచ్చినారు, ఎంతసేపైనా పోవడంలేదు" అంది అమ్మతో.

నేను లోపల కాళ్ళు సాగదీసుకుంటున్నాను. "వాళ్ళ చేతిలో ఏముంది ఖాలా?"

"పెద్ద సంచి. పండ్లు తెచ్చినారేమో."

పండ్లు కాదు, పరీక్ష సీసాలు. గోడ గడియారం ఏడుకు దగ్గర పడుతోంది. చెప్పుల్లేకుండానే సందులోకి ఉరికాను.

పరీక్షకు వచ్చినామె కాగితం మడిచి సంచిలో పెడుతోంది. నన్ను చూసి, గడియారం చూసి, "ఇంకా టైం ఉందిలే, ఊపిరి తీసుకో" అంది. ఆ మాట అన్నందుకు ఆమెకు ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

తర్వాతిది నవ్వులాట. అంత భయపడినాక ఒంట్లోంచి మూత్రం చుక్క రాదు. ఖాలా చెంబుతో మజ్జిగ తెచ్చింది. పరీక్షప్పుడు సీలు విప్పని సీసా నీళ్ళే తాగాలి, అందుకే మజ్జిగ వద్దంటే ఆమె మొహం చిన్నబోయింది. "నా చేతి మజ్జిగ తాగి పెరిగినదానివి, ఇప్పుడు విషమైందా?" అప్పుడు అమ్మ ఆమెను కూర్చోబెట్టి వీళ్ళెవరో, ఎందుకొచ్చారో, నేను దొరకకపోయుంటే ఏమయ్యేదో చెప్పింది.

సీసాలకు మూతలు బిగించి వాళ్ళు వెళ్ళిపోయాక చూస్తే ఖాలా అరుగు మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నీకు పెళ్ళి తప్పిద్దామని నీ పరుగే తప్పించేదాన్ని కదే, బేటీ."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, సందులో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం వెతికినా దొరకలేదు. పొద్దున్నే నమాజు చేసి లేచిన మనిషి నా కోసం అబద్ధమాడింది. ఆమె చేతులు పట్టుకుని, పెళ్ళివాళ్ళకు అడ్డుపడే నువ్వు లేకపోతే నేను ఎప్పుడో ఎవరింట్లోనో రొట్టెలు కాలుస్తూ ఉండేదాన్ని అన్నాను. నిజంగా అదే అనుకున్నాను.

ఆ మరుసటి రోజు నుంచి ఆరు కాగానే ఖాలా అరుగు మీద కాపలా. కొత్త మనిషి కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని మా గడప దాకా తెచ్చి వదులుతుంది. ఒక పొద్దున అలాగే ఒక జంటను తెచ్చి, "లేవే, వచ్చినారు, నీళ్ళు తాగు" అని కేకేసింది. గుర్తింపు కార్డు పట్టుకుని పరుగున బయటికి వచ్చాను. వాళ్ళు ఆలూరు నుంచి నిజంగా పెళ్ళిమాటలకు వచ్చినవాళ్ళు.

ఖాలా నా వైపు చూసింది, నేను ఖాలా వైపు. వాళ్ళకు టీ ఇచ్చి, ఇప్పుడే చేసుకోనని నేనే నోరు విప్పి చెప్పాను. ఆమె పక్కనే నిలబడింది. ఆ మాటకు ఆమె అబద్ధం అవసరం లేకపోయింది.