తలుపు దగ్గర నేను ఆపిన డాక్టరు

2024 ఏప్రిల్. ఉద్దానంలో జీడిపిక్కలు రాలే రోజులు. పలాస వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఇరవై ఏళ్ళు దాటింది సర్జన్ల చేతికి కత్తీ కత్తెరా అందిస్తూ. వాళ్ళు చెయ్యి చాపేలోపే ఏం కావాలో కనిపెట్టడం మా పనిలో గొప్ప. ఆ గొప్ప రూతు సిస్టర్‌కి కాస్త ఎక్కువేనని వెనకాల అనుకుంటారట. అనుకోనివ్వండి.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ప్రాంతంలో డయాలసిస్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అది చెయ్యాలంటే చేతికి ఫిస్టులా ఉండాలి. చేతిలోని ఒక ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుడతారు. కొన్ని వారాలకి ఆ సిర లావెక్కి, పదే పదే సూదులు గుచ్చినా తట్టుకునేంత గట్టిపడుతుంది. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల రక్తం జుమ్మంటూ పారడం తెలుస్తుంది. దాన్ని థ్రిల్ అంటాం. పొద్దున్న లేవగానే థ్రిల్ చూసుకోమని పేషెంట్లందరికీ చెప్తాం. జుమ్మంటే ఫిస్టులా బతికున్నట్టు.

మా పెద్ద సర్జన్ గారు ఫిస్టులాలు చెయ్యడంలో దిట్ట. ఆయన కింద అప్పటికి మూడు నెలల క్రితం డాక్టర్ సందీప్ చేరాడు. సన్నగా, మాట తక్కువ. మొదటి రోజే నన్ను చూసి నవ్వాడు.

"గుర్తుపట్టలేదా సిస్టర్? మీరు నన్ను చాలాసార్లు బయటికి పంపించేశారు."

అప్పుడు గుర్తొచ్చింది. కరోనా మొదలైనప్పుడు నన్ను డెప్యుటేషన్ మీద నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు. మామూలు ఆపరేషన్లన్నీ ఆపేశారు. ప్రాణం మీదికొచ్చినవే చేసేవాళ్ళు. టేబుల్ దగ్గర ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిదని ఆర్డరు. థియేటర్ తలుపు దగ్గర, లోపలికి ఎవరెవరు రావచ్చో రాసిన లిస్టు పట్టుకుని నిలబడే పని నాది. సర్జరీ నేర్చుకోవడానికి కొత్తగా చేరిన ఈ కుర్రాడు రోజూ వచ్చేవాడు. "ఏమీ ముట్టుకోను సిస్టర్, గోడ పక్కన నిలబడి చూస్తాను" అనేవాడు. నేను లిస్టు చూపించి, కోవిడ్ వార్డుకి పొమ్మనేదాన్ని. సర్జన్లు కావాల్సిన ఆ పిల్లలంతా ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించి, ముక్కుల్లో పుల్లలు పెట్టి శాంపిళ్ళు తీసి ఏళ్ళు గడిపారు. అది వాళ్ళ తప్పు కాదు. ఆర్డరు నాది కాదు కాబట్టి నా తప్పూ కాదని నేను అనుకునేదాన్ని.

ఏప్రిల్లో ఒక రోజు పొద్దున్న పదిన్నరకి ఆసుపత్రి గేటులోకి ఒక ఆటో దూసుకొచ్చింది. వెనక సీట్లో దానేసు. పూండి దగ్గరి పల్లెలో కొబ్బరి రైతు, మా డయాలసిస్ పేషెంటే. అతని ఎడమ మోచేతికి పైన, ఫిస్టులా మీద, భార్య ఢిల్లమ్మ బొటనవేలు నొక్కిపట్టి ఉంది. చీర సగం రక్తం.

"ఏటి సేసినావు దానేసూ?" అన్నాను స్ట్రెచర్ తోస్తూ.

జవాబు ఢిల్లమ్మ చెప్పింది. "వొద్దంటే ఇనడు సిస్టరమ్మా. నాలుగు కాయలే కదాని పీచు వలిసినాడు. గునపం మీద కాయి తిప్పినాడు, పక్కు ఊడిపోనాది. రగతం గోడ మీదికి సిమ్మీసింది."

ఫిస్టులా చేత్తో బరువు పని చెయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పామో! అయితే కొబ్బరితోట ఉన్నవాడు ఒంటిచేత్తో కాయ ఎలా వలుస్తాడో మేమెవరమూ చెప్పలేదు. సూది గుచ్చిన చోట చర్మం పలచబడి పక్కు కట్టింది. అదే చిట్లింది. ఇంటి నుంచి మా దాకా ఢిల్లమ్మ వేలు తియ్యలేదు. తీసుంటే దానేసు దారిలోనే పోయేవాడు.

పెద్ద సర్జన్ గారు ఏదో కొట్లాట కేసులో సాక్ష్యానికి శ్రీకాకుళం కోర్టుకెళ్ళారు. ఫోన్ స్విచాఫ్. పేషెంట్‌ని పెద్దాసుపత్రికి పంపిద్దామంటే దారిలో ఒక్క గతుకు చాలు, వేలు జారడానికి. సందీప్ రెండు క్షణాలు చూసి, థియేటర్‌కి తీసుకెళ్ళమన్నాడు. ఢిల్లమ్మ వేలు తీసిన చోట గ్లవ్స్ వేసుకున్న నా వేలు పెట్టాను. సామాన్లు అందించడానికి ఇంకో నర్సు నిలబడింది. మత్తు డాక్టరమ్మ చెయ్యి వరకే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చింది. అంటే దానేసు మెలకువగానే ఉన్నాడు, మా మాటలన్నీ వింటున్నాడు.

ఇలాంటప్పుడు రెండు దార్లు. మొదటిది, సిరని కట్టేయడం. లైగేషన్ అంటారు. తేలిక, ప్రాణం దక్కుతుంది. కానీ ఫిస్టులా చచ్చిపోతుంది. రెండోది, చిరిగిన చోటు కోసి బాగుచేసి కుట్టడం. అది నేర్పున్న చేతి పని. దానేసు కుడిచేతి ఫిస్టులా రెండేళ్ళ కిందటే గడ్డకట్టి పోయింది. ఇదీ పోతే మెడలో పైపు పెట్టి డయాలసిస్ చెయ్యాలి. ఆ పైపుకి ఇన్ఫెక్షన్ పట్టి పోయినవాళ్ళని అతను పక్క మంచాల మీద చూశాడు.

సందీప్ చెయ్యి చాపాడు. "సిల్క్ ఇవ్వండి. కట్టేద్దాం."

సిల్క్ అంటే ముడి వేసే దారం. దానేసుకి అది తెలీదు గానీ, కట్టేద్దాం అన్న ముక్క అర్థమైంది.

"కట్టీకండి బావూ," అన్నాడు. "నాకున్నది ఈ సెయ్యొక్కటే. ఇది పోతే నాను ఎల్లిపోనట్టే."

సందీప్ గాగుల్స్ వెనక కళ్ళు నా వేలి మీదే ఉన్నాయి. చాపిన చెయ్యి ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నాకు చెడ్డ కోపం వచ్చింది. పెద్ద సర్జన్ గారైతే ఈపాటికి సగం పని చేసేవారు కదా, ఈయన చేతులు ఇంత నిదానమేమిటి అని. సందీప్ నా వైపు వంగి, పేషెంట్‌కి వినపడకుండా అన్నాడు:

"నేను ఈ రిపేరు ఎప్పుడూ చెయ్యలేదు సిస్టర్. కనీసం చూడలేదు. పుస్తకంలో చదివాను, అంతే."

చూడలేదు. ఎందుకు చూడలేదో ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కోపం వచ్చినంత వేగంగా పోయింది. నర్సు సర్జన్‌కి పాఠం చెప్పకూడదు. మా థియేటర్‌లో ఎవరూ రాయని రూలది. దేవుణ్ణి తలుచుకుని నోరు విప్పాను.

"నేను చాలా చూశాను సర్. వరస తెలుసు. ఎందుకో తెలీదు. మీకు ఎందుకో తెలుసు కదా. వరస నేను చెప్తాను, కారణం కుదిరితేనే చెయ్యండి."

తల ఊపాడు.

"పెద్ద సర్జన్ గారు ముందు మోచేతి వైపు కోసి, సిరని బిగించి పట్టే క్లాంప్ పెట్టేవారు."

"అవును, రక్తం వచ్చేది అటునుంచే. తర్వాత?"

"భుజం వైపు ఇంకోటి. అప్పుడు నన్ను వేలు తియ్యమనేవారు."

రెండు క్లాంపులూ పడ్డాయి. "తియ్యండి," అన్నాడు. నా వేలు బిగుసుకుపోయి వెంటనే రాలేదు. మెల్లగా ఎత్తాను. రక్తం చిమ్మలేదు. ఇప్పుడు తొందర ఇంకోటి: ఎక్కువసేపు ఆపితే లోపల గడ్డకడుతుంది.

"హెపారిన్ సెలైన్‌తో కడిగేవారు సర్."

"గడ్డకట్టకుండా. ఇవ్వండి." పాడైన అంచులు కత్తిరించి, వెంట్రుకంత దారంతో సూది పట్టాడు. మొదటి కుట్టు వెయ్యబోతుంటే నాకు ఏదో తప్పిపోయినట్టనిపించింది. ఏమిటో గుర్తు రాదు. కళ్ళు మూసుకుని పెద్దాయన చేతులు తలుచుకున్నాను.

"ఆగండి సర్! కుట్టేముందు లోపల సన్నటి ట్యూబు పెట్టేవారు. చివరి కుట్టు బిగించే ముందు లాగేసేవారు."

సందీప్ చెయ్యి గాల్లో ఆగింది. "ట్యూబా? పుస్తకంలో..." అని, అంతలోనే, "దాని మీద కుడితే సిర ఇరుకవదు! అందుకే!" అన్నాడు. ఆ గొంతులో భయం లేదు. ఆ క్షణం నుంచి ఆయన చేతులు ఎక్కడా తడబడలేదు. చేతులు మంచివే. వాటికి చూసే అవకాశం దొరకలేదు, అంతే.

ట్యూబు తీసి, ఆఖరి ముడి వేసి, భుజం వైపు క్లాంప్ వదిలాడు. తర్వాత మోచేతి వైపుది. ఒక చోట చెమర్చింది, గుడ్డతో నొక్కాడు, ఆగింది. వేళ్ళు ఆనించి చూశాడు. మళ్ళీ చూశాడు.

"థ్రిల్ తెలీట్లేదు సిస్టర్."

చూస్తే చేతికి రెండు జతల గ్లవ్స్. కరోనాలో అలవాటైంది, మానలేదు. సూది పనిలో రెండు జతలు వేసుకోవడం తప్పు అని నేననను, మంచిదే. కానీ సూదులన్నీ ట్రేలోకి వచ్చేశాయి.

"పైవి తీసి చూడండి సర్."

తీసి, మళ్ళీ ఆనించాడు. చాలాసేపు. ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. సన్నగా, జుమ్మంటోంది. అప్పుడు గానీ స్టూలు మీద కూర్చోలేదు.

వార్డులోకి తెచ్చాక ఢిల్లమ్మ వచ్చింది. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. పిక్కల నూనెకి వేళ్ళ చివర్లు నల్లగా కాలి మొద్దుబారాయి. వేలితో ఆమెకి థ్రిల్ తెలియదు. అందుకే రోజూ పొద్దున్న చేసినట్టే, కట్టు పక్కన చెవి ఆనించింది. ఊపిరి బిగబట్టి విన్నది.

"మాటాడతంది," అని నవ్వింది. మరుక్షణం భర్తని తిట్టడం మొదలుపెట్టింది. "ఇంకోపాలి గునపం కాడ కనిపించు, సెప్తాను నీ పని."

దానేసు ఆ చేత్తోనే ఇప్పటికీ డయాలసిస్‌కి వస్తున్నాడు. కాయలు ఢిల్లమ్మ వలుస్తోంది.

సర్జరీ చేత్తో నేర్చుకుంటారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అంతకన్నా ముందు, పక్కన నిలబడి కళ్ళతో నేర్చుకుంటారు. ఆ నిలబడే చోటునే కరోనా లాక్కుంది. అది ఎంత పెద్ద లోటో, లిస్టు పట్టుకుని తలుపు కాసిన నాకు ఒక పేషెంట్ చెయ్యి పోబోతే గానీ తెలియలేదు. అప్పటి ఆర్డరు అవసరమే. కానీ ఆ ఆర్డరు ఎత్తేసి ఏళ్ళయినా నా తలుపు మాత్రం మూసే ఉంది. అది నా తప్పే.

మర్నాడు స్టోరు రూములోంచి ఫుట్ స్టెప్ బయటికి తీయించాను. వెనక నిలబడి చూసేవాళ్ళు ఎక్కే ఇనప పీట అది. డెప్యుటేషన్ నుంచి తిరిగొచ్చాక, కరోనా ఇంకా ఉండగా, నేనే లోపల పడేయించాను. దుమ్ము కడిగి టేబుల్ పక్కన పెట్టించాను. ఆ వారంలోనే ఫిస్టులా కేసు నడుస్తుండగా, ట్రైనింగ్‌కి వచ్చిన హౌస్ సర్జన్ అమ్మాయి ఒకతె తలుపు సందులోంచి తొంగిచూసింది.

"సిస్టర్, ఏమీ ముట్టుకోను. గోడ పక్కన నిలబడి చూడొచ్చా?"

సందీప్ తలెత్తి నా వైపు చూశాడు. నేను అప్పటికే పీటని కాలితో టేబుల్ దగ్గరికి తోస్తున్నాను.

"గోడ పక్కన ఏం కనిపిస్తుందమ్మా," అన్నాను. "ఇక్కడికి రా."