మొదటి బోనం సరోజది

దగ్గరికి జరగండమ్మా, ఆ పీట లాక్కొని కూర్చోండి. పాలు పోసి, బెల్లం వేసి వండుతున్న బోనం అన్నం వాసన మీకూ వస్తోంది కదా. ఉప్పల్‌లోని ఈ ఇంట్లో నా కోడలు దాన్ని కుక్కర్‌లో వండుతోంది గానీ ఆ సంగతి వాసనకు తెలియదు. అది నన్ను చెయ్యి పట్టుకొని, నాచారంలో నేను పుట్టి పెరిగిన రేకుల ఇళ్ల వరసలోకి లాక్కుపోతుంది.

ఆషాఢం వచ్చిందంటే ఆ గల్లీలో రేకుల మీద తుంపర చప్పుడు, మందుల కంపెనీ ఘాటు, ఆ ఘాటులోంచే బొగ్గుల మీద కాలుతున్న మక్కకంకుల కమ్మదనం, మైదాకుతో పండిన చేతులతో తడి గడప మీద కచ్చకాయలాడే ఆడపిల్లలు. ఏ ఇంట్లోనూ గడియారం లేదు, కంపెనీ సైరనే మా అందరి గడియారం. మా నాయిన ఇనుము కోసే మిషను మీద పనిచేసేవాడు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడితే తప్ప మొదటి మనిషి మిషను వదలకూడదు. అవతలివాడు తన కోసం కాచుకోవడం నాయినకు గిట్టదు, అందుకే సైరన్ కంటే ముందే గేటు దగ్గర ఉండేవాడు. "నర్సింహ పోతుండు, ఇగ సైరన్ కొడ్తరు" అని గల్లీలో నవ్వుకునేవాళ్లు.

నాయిన తర్వాత ఆ మిషను మీదికి రావలసినవాడు ఎదురింటి ఎల్లయ్య మామ. ఆయన బిడ్డ సరోజకూ నాకూ ఒకటే ఈడు. సరోజను చూస్తే నాకు ఒళ్లు మండేది. దాని జడ నా జడకు రెండింతలు, దాని చెయ్యే ముందు పండేది, గల్లీలోకి వచ్చిన మొదటి కంకి దాని చేతిలోనే కనబడేది. వాళ్ల నాయిన దాన్ని భుజాల మీద ఎక్కించుకొని పాటలు పాడేవాడు. మా నాయిన ఇంటికొచ్చి, చేతులకంటిన నూనె కడుక్కొని, తిని పడుకునేవాడు.

ఆ ఏడు మా ఇద్దరికీ మొదటిసారి పోచమ్మ గుడికి చిన్న బోనాలు ఎత్తుతామన్నారు. గల్లీలోంచి ముందు కదిలిన బోనం వెంటే డప్పు పోతుంది, అందరూ గడపల్లో నిలబడి చూస్తారు. ఆ డప్పు నా ముందు మోగాలని నా ఆశ. కానీ మా ఇంట్లో నాయిన చెయ్యి పడందే బోనం లేవదు. సైరన్ కొట్టారు, నాయిన రాలేదు. ఎట్లా వస్తాడు? మిషను దగ్గర నిలబడాల్సిన ఎల్లయ్య మామ నడుముకు వేపమండలు కట్టుకొని వాళ్ల వాకిట్లో ఆడుతున్నాడు.

"అవ్వా, మామ ఈడ్నే ఎగురుతుండు. నాయిన ఎట్లొస్తడే?" అని మా నాయినమ్మను పట్టుకొని ఏడ్చాను.

"వస్తనన్నడు, వస్తడు. ఎవల బోనం ఎప్పుడు అందుకోవాల్నో పోచమ్మకు ఎర్కలేదా?"

"అందరియి తిన్నంక మనది తింటదా?"

"నీ లెక్క తిండిపోతు గాదే ఆ తల్లి!"

డప్పు కదిలింది. పట్టులంగాలో సరోజ నా దిక్కు చూసి నవ్వింది. పచ్చిమిరపకాయ కొరికినట్టయింది నాకు.

ఎల్లయ్య మామ చోట ఇంకెవరినో నిలబెట్టాక, దీపాలు పెట్టే వేళకు నాయిన వచ్చాడు. నల్లా కింద స్నానం చేసి, నా నెత్తి మీది కుండకు చెయ్యి ఆనించి, "నడువు బిడ్డా" అన్నాడు. గుడి దగ్గర జనం పలచబడ్డారు. "నిమ్మళంగ మొక్కుకున్నవు, సూసినవా?" అంది అవ్వ. "నిమ్మళం ఎవలికి గావాలె, నాకు డప్పు గావాలె" అన్నాను.

బోనం అన్నం ఇంటిల్లిపాదీ కూర్చున్నాకే తినాలి. మేం కూర్చున్నాం. ఎదురుగా వాళ్ల గడప మీద సరోజ ఉంది. దాని బోనం ఎప్పుడో ఇంటికి చేరినా మూత తియ్యలేదు, ఎల్లయ్య మామ దోస్తులతో కల్లు కాంపౌండుకు పోయాడు.

"మీ నాయిన వచ్చిండా?" అని సరోజ నన్ను అడిగింది.

"వస్తనన్నడు గద, వచ్చిండు."

"మా నాయిన గూడ అన్నడు."

అంటూ అది మా నాయిన వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, పొద్దంతా నా కళ్లల్లో ఉన్నది అదే.

అవ్వ దాన్ని పిలిచి కూర్చోబెట్టి మొదటి ముద్ద దాని చేతిలో పెట్టింది. మళ్లీ మొదటిది దానికే! నా మొహం చూసి అవ్వ, "మనది ముందుగాల అయిపోయుంటే ఈ పొల్లకు ఎవలు పెడ్దురే? గందుకే తల్లి మనల్ని ఆపింది" అంది. అయినా నా కడుపు మంట చల్లారలేదు. జరిగి నాయిన మోకాలికి ఆనుకొని కూర్చున్నాను. ఆ చోటు మాత్రం దానికి ఇవ్వలేదు.

ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. సైరన్ లేదు, మా గల్లీ లేదు. "లేటైతది, మీరు తినుండ్రి" అని ఫోనొస్తే ఎవరికి వాళ్లం తినేస్తున్నాం. ఎవరి కోసమూ గడప మీద కూర్చునే పిల్లలు కనబడరు.

మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. పొద్దున పోయినవాళ్లు చెప్పిన వేళకు తిరిగి రావాలి. ఎప్పుడన్నా ఆలస్యమైతే, ఆ ఆలస్యం ఆకలితో ఉన్న ఎవరికో ఒకరికి అన్నమై అందాలి.