పసరు కోసం చీడికాడ దాకా, నూకరాజు బావతో

నా లివర్ గట్టిపడిపోయిందని ఈమధ్యే తెలిసింది. చుక్క ముట్టనివాడికి ఈ జబ్బేమిటని వీధిలో వాళ్ళు అదోలా చూశారు. సుగరు, కొవ్వు కలిసి ఏళ్ళ తరబడి చాటుగా చేసిన పని అని డాక్టరు చెప్పారు. పాడైంది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకుంటూ బతకాలి, ఉప్పు బాగా తగ్గించాలి, ఆకుపసర్ల జోలికి అసలు పోకూడదు అన్నారు. ఆసుపత్రికి తోడొచ్చి బయట కూర్చున్న బావతోనూ, ఇంటికొచ్చి మా అక్కతోనూ మాత్రం "లివర్ కొంచెం బాలేదట" అని ఊరుకున్నాను. మావైపు లివర్ అంటే పచ్చకామెర్లు, కామెర్లంటే పసరు. అక్క ఏడుపు చూడలేక, ఆదివారం చీడికాడ తీసుకెళ్ళి పసరు పోయిస్తానని నూకరాజు బావ మాటిచ్చేశాడు. రాంబిల్లి దగ్గర సముద్రం మీద చేపల వేట చేసే మనిషి, మాటిస్తే అంతే. వాదించే ఓపిక నాకు లేదు. అక్కడిదాకా వెళ్ళి, ఎలాగోలా తాగకుండా తప్పించుకుందామని బయల్దేరాను.

అనకాపల్లి నుంచి చోడవరానికి బస్సులు తెల్లారకముందే ఉంటాయి. మేం ఐదున్నర బస్సెక్కాం. గంటలోపే దిగొచ్చు. పసరు పరగడుపునే తాగాలంటారు కనుక టీ కూడా లేదు. పోసేవాళ్ళు డబ్బు పుచ్చుకోరని, బదులుగా ఇవ్వడానికి బావ ఎండు నెత్తళ్ళ చేపల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ వాసనకి కండక్టరు మా సీటు దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. చోడవరంలో చీడికాడ వైపు షేర్ ఆటో దొరికింది, మనిషికి నలభై. ఎండకీ ఉప్పుగాలికీ ఎర్రబడిన బావ కళ్ళు చూసి డ్రైవరు జాలిపడ్డాడు.

"పసరు ఈ పెద్దాయనకేనేటి?"

"నాకేటయ్యా, గుండ్రాయిలాగున్నాను. మా బావమరిదికి," అన్నాడు బావ కోపంగా.

ఆటో దిగాక కొండ దిగువన చోడి, అదే రాగి, చేల గట్లమీద కొంచెం నడవాలి. ఆ కొంచెమే నాకు పెద్ద కొండైపోయింది. ఇదివరకు రోజంతా తిరిగి రాత్రికి బ్లాగు రాసేవాణ్ణి, ఇప్పుడు స్నానం చేసినా కాసేపు పడుకోవాలి. బావ చెప్పులో రాయి దూరిందంటూ దారిలో మూడుసార్లు ఆగాడు. పసరు పోసే ముసలమ్మ వాకిట్లో రోలు ముందు కూర్చుని ఉంది. నన్ను వెలుతురులోకి తిప్పి, కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"కళ్ళు తెల్లగున్నాయి బాబూ. పచ్చ నేదు. నీకు మందక్కర్నేదు, ఎల్లిపో."

నేను తప్పించుకున్నానని ఊపిరి పీల్చుకునేలోపే బావ ఫోన్ తీశాడు. "ఒసే, జబ్బు నేదటే! కళ్ళు సూసి సెప్పేసింది!" అని అరిచాడు. అవతల అక్క ఏడుస్తూ నవ్వడం నాకూ వినిపించింది. ఆ సంతోషం విన్నాక, అసలు మాట తర్వాత చెబుదామనుకున్నాను.

తిరిగి చోడవరం చేరేసరికి తొమ్మిదైంది. బస్టాండు పక్క టిఫిన్ కొట్టులో బావ రెండు పెసరట్లు చెప్పి, పెనం దగ్గరున్నామెతో, "మావోడు పథ్యంతో సచ్చిపోతన్నాడమ్మా. ఇయ్యాల్టితో ఒగ్గేసేడు. పచ్చడి గట్టిగా ఎయ్యి, ఆవకాయ కూడా" అన్నాడు. ప్లేటు నా ముందుకు తోశాడు. ఇంక దాచడానికి చోటు లేదు.

"జబ్బుంది బావా. కామెర్లు కాదు, వేరే. కళ్ళలో కనబడదు."

"మరెప్పటికి తగ్గుతాది?"

"తగ్గదు. పెరక్కుండా చూసుకోవాలి, బతికినన్నాళ్ళూ."

బావ నా ప్లేటులో ఆవకాయ తీసి తన ప్లేటులో వేసుకున్నాడు. తనూ దాన్ని తినలేదు. "నన్నాసుపత్రి బయట బెంచీమీద కూకోబెట్టి, ఒక్కడివే ఇన్నావేటిరా ఈ మాట," అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది. ఇన్నాళ్ళలో నేను ఏడ్చింది అప్పుడే.

అనకాపల్లి బస్సులో నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయాననుకుని బావ అక్కకు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏడవకు. పచ్చ నేదు గానీ జబ్బుందే. ఉంటాదట. ఉప్పు తగ్గించాలట." కాసేపు విని, "నాకూ తెల్దే. ఇద్దరం నేర్సుకుందాం," అన్నాడు. నేను కళ్ళు తెరవలేదు.

ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇంతలా అలసిపోయిన ప్రయాణం లేదు. జబ్బు మోయడం ఒక ఎత్తు, అది లేనట్టు అందరి ముందూ నవ్వడం ఇంకో ఎత్తు. రెండోది ఆ బస్సులో దిగిపోయింది, మొదటిది నాతోనే ఇంటికొచ్చింది. మీలో ఎవరైనా ఇలాంటి జబ్బుతో ఆసుపత్రికి బయల్దేరుతుంటే ఒక్క మాట: తోడొచ్చిన మనిషిని బయట కూర్చోబెట్టకండి. డాక్టరు గదిలో రెండో కుర్చీ ఉంటుంది.